సెన్సేషన్, పర్సెప్షన్, అటెన్షన్, నిద్ర, మెమరీ: అన్నీ కలగాపులగం అవుతున్నాయి, ఎలా విడదీసుకోవాలి?

హరిణి_సైక్

అందరికీ నమస్తే. నాది సైకాలజీ డిగ్రీ. ఈ సెమిస్టర్‌లో ఒకే పేపర్‌లో ఐదు యూనిట్లు ఉన్నాయి: సెన్సేషన్, పర్సెప్షన్, అటెన్షన్, నిద్ర, మెమరీ. నిర్వచనాలు రాయమంటే రాసేస్తాను. కానీ ప్రశ్నపత్రంలో ఒక సందర్భం ఇచ్చి, "ఇక్కడ పనిచేస్తున్నది ఏది, ఎందుకు" అని అడుగుతారు. అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది.

సెన్సేషన్ ఎక్కడ ఆగి పర్సెప్షన్ ఎక్కడ మొదలవుతుందో పట్టుకోలేకపోతున్నాను. థ్రెషోల్డ్ అని ఒకటుందని చదువుతాను, వెంటనే సిగ్నల్ డిటెక్షన్ థియరీ వచ్చి అది అంత సూటిగా ఉండదంటుంది. బ్రాడ్‌బెంట్‌కీ ట్రీస్‌మన్‌కీ తేడా రెండు మార్కులకి రాయగలను గానీ, మొదటాయన చెప్పింది ఎందుకు మార్చాల్సి వచ్చిందో తెలీదు. ఇంతకీ నిద్రని తీసుకొచ్చి అటెన్షన్‌కీ మెమరీకీ మధ్యలో ఎందుకు పెట్టారు? ఇక ప్రోయాక్టివ్, రెట్రోయాక్టివ్ ఇంటర్‌ఫియరెన్స్ అయితే ప్రతిసారీ తారుమారే.

హైలైటర్‌తో గీసుకుంటూ మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. చదువుతున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. మర్నాడు పుస్తకం మూసి కూర్చుంటే సగం కూడా రాదు. ఈ సబ్జెక్ట్ నాకు నిజంగా ఇష్టం, మార్కుల కోసం మాత్రమే అడగడం లేదు. ఎవరైనా దారి చూపిస్తారా?

---

సుద్దముక్క

హరిణీ, ఏళ్ళ తరబడి ఈ పేపర్ చెబుతున్నాను. నీ ఇబ్బంది దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. నేను చెప్పేది ఒక్కటే: నిర్వచనాలు కాసేపు పక్కన పెట్టు. ప్రతి పేరుకీ ఒక ప్రయోగం గుర్తుపెట్టుకో. మనిషికి ఏం చూపించారు, ఏం చెయ్యమన్నారు, అతను ఏం చెప్పాడు. ఈ మూడూ తెలిస్తే నిర్వచనం నీ మాటల్లో నువ్వే రాసుకోగలవు, ఏ సందర్భం ఇచ్చినా దేనికి దగ్గరో పోల్చుకోగలవు.

ముందు ఒకటి చేసి చూడు. గీతల కాగితం తీసుకుని ఒక గీత మీద ఎడమవైపు చిన్న ప్లస్ గుర్తు వెయ్యి. అదే గీత మీద కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో కాస్త పెద్ద చుక్క పెట్టు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని మెల్లగా ముఖం దగ్గరికి తీసుకురా. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్ళీ వస్తుంది. కంటి నరం రెటీనాలోంచి బయటికి వెళ్ళేచోట వెలుగుని పట్టే కణాలు, అంటే రాడ్లూ లేవు, కోన్లూ లేవు. ఆ చోట పడిన వెలుగుకి సంకేతమే పుట్టదు. ఫ్రెంచి శాస్త్రవేత్త మారియోట్ 1660ల్లోనే ఈ గుడ్డిచుక్కని కనిపెట్టాడు. ఇంతవరకూ సెన్సేషన్.

ఇప్పుడు చుక్క మాయమైన చోట ఏముందో చూడు. ఖాళీ ఉండదు, నల్లటి రంధ్రం ఉండదు. కాగితం మీది గీత అటు నుంచి ఇటు సాగిపోతున్నట్టే కనిపిస్తుంది. ఆ గీతని నీ కన్ను పంపలేదు, మెదడు పూరించింది. అది పర్సెప్షన్. రెండిటి మధ్య సరిహద్దుని ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు. పరీక్షలో ఏ సందర్భం ఇచ్చినా, "గ్రాహకాలు ఏం పంపాయి, మనిషికి ఏం తోచింది" అని రెండు ముక్కలుగా అడుక్కో.

అలాగని పర్సెప్షన్ అంతా మన జ్ఞానం నడిపిస్తుందని రాసెయ్యకు. ముల్లర్-లయర్ భ్రమ (1889) తీసుకో. రెండు గీతలూ సమానమని స్కేలు పెట్టి నువ్వే కొలిచాక కూడా ఒకటి పొడుగ్గానే కనబడుతుంది. తెలిసినంత మాత్రాన చూపు మారదు. టాప్-డౌన్ (జ్ఞానం చూపుని నడిపించడం) గురించి రాసేవాళ్ళు ఈ ముక్క వదిలేస్తుంటారు.

థ్రెషోల్డ్ విషయానికొస్తే, 1860లో ఫెక్నర్ పుస్తకంతో ఈ కొలతల శాస్త్రం నిలబడింది. అంతకుముందు వెబర్ గమనించింది ఇది: తేడా తెలియాలంటే ఎంత కలపాలన్నది మొదట ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. బరువులెత్తే ప్రయోగాల్లో ఆ నిష్పత్తి సుమారు 2 శాతమని పాఠ్యపుస్తకాలు ఇస్తాయి. చేతిలో 100 గ్రాములుంటే 2 గ్రాముల తేడా తెలుస్తుంది, కిలో ఉంటే 20 గ్రాములు కావాలి. ఆబ్సల్యూట్ థ్రెషోల్డ్ అంటే సగం సార్లు పట్టుకోగలిగినంత తక్కువ ఉద్దీపన. ఆ "సగం సార్లు" అన్నచోటే సిగ్నల్ డిటెక్షన్ పుట్టింది. అదే వెలుగు, అదే మనిషి. ఒకసారి ఉందంటాడు, ఇంకోసారి లేదంటాడు, ఎందుకని?

నాకు ఈ పేపర్ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. డాక్టరు ఒక ఎక్స్‌రేలో చిన్న మచ్చ కోసం వెతుకుతున్నారనుకో. మచ్చ ఉండి, ఉందంటే హిట్. ఉండి, లేదంటే మిస్. లేకుండానే ఉందంటే ఫాల్స్ అలారం. లేనిదాన్ని లేదంటే కరెక్ట్ రిజెక్షన్. ఇప్పుడు ఆ డాక్టరు, "ఒక్కటి కూడా తప్పిపోకూడదు" అని గట్టిగా అనుకుంటే ఏ కాస్త అనుమానం వచ్చినా ఉందనే అంటారు. హిట్లు పెరుగుతాయి, వాటితోపాటే ఫాల్స్ అలారాలూ పెరుగుతాయి. చూపు ఏమీ పదునెక్కలేదు, నిర్ణయం తీసుకునే గీటురాయి మాత్రమే జరిగింది. చూపు పదును వేరు, గీటురాయి వేరు. ఈ రెండింటినీ విడివిడిగా కొలవగలగడమే ఆ థియరీ గొప్పతనం. థ్రెషోల్డ్ ఒక్క అంకెలో రెండూ కలిసిపోయి ఉంటాయి.

ఇక అటెన్షన్. 1953లో చెర్రీ ఏం చేశాడంటే, ఒక్కో చెవిలో ఒక్కో సందేశం వినిపించి, ఒక చెవిలోది మాత్రం వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో మగ గొంతు ఆడ గొంతుగా మారితే గమనించారు. ఇంగ్లీషు కాస్తా జర్మన్‌గా మారితే గమనించలేదు. శబ్దం తాలూకు పైపై లక్షణాలు అందాయి, అర్థం అందలేదు. దీన్నిబట్టే 1958లో బ్రాడ్‌బెంట్, ఫిల్టర్ అర్థానికి ముందే ఉందన్నాడు. ఆ మరుసటి ఏడాదే మోరే వచ్చి, పట్టించుకోని చెవిలో వాళ్ళ సొంత పేరు పెడితే సుమారు మూడో వంతు మంది విన్నారని చూపించాడు. అర్థం అస్సలు లోపలికి రాకపోతే పేరు ఎలా వినబడింది? అందుకని యాన్ ట్రీస్‌మన్, ఫిల్టర్ తలుపు మూసెయ్యదు, రేడియో సౌండు తగ్గించినట్టు తగ్గిస్తుందంతే అంది. సొంత పేరులాంటి మాటలకి చాలా తక్కువ బలం సరిపోతుంది కాబట్టి అవి అంత మెల్లగా వచ్చినా పట్టుబడతాయి. నువ్వు అడిగిన "ఎందుకు మార్చాల్సి వచ్చింది"కి జవాబు మోరే ప్రయోగం.

ఒక చిన్న కొసరు. 2001లో కాన్వే, కోవన్, బంటింగ్ దీన్నే మళ్ళీ చేస్తే, వర్కింగ్ మెమరీ (విషయాన్ని పట్టి ఉంచుతూ దానితో పనిచేసే జ్ఞాపకం) సామర్థ్యం తక్కువున్నవాళ్ళలో 65 శాతం మందీ, ఎక్కువున్నవాళ్ళలో 20 శాతం మందీ తమ పేరు విన్నారు. పేరు వినబడటం మంచి జ్ఞాపకశక్తికి గుర్తు అనుకుంటాం. కాదు, దృష్టి పక్కకి జారిందనడానికి గుర్తు. అటెన్షన్ యూనిట్, మెమరీ యూనిట్ కలిసేది ఇక్కడే.

గొరిల్లా వీడియో (సైమన్స్, షబ్రీ, 1999) నీకు తెలిసే ఉంటుంది, బంతి పాసులు లెక్కపెడుతున్నవాళ్ళలో దాదాపు సగం మంది దాన్ని చూడలేదు. దానికంటే 2013 నాటిది రాయి: 24 మంది రేడియాలజిస్టులకి ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో గొరిల్లా బొమ్మ పెట్టి ఇచ్చారు. వాళ్ళు వెతికే మామూలు గడ్డ కంటే 48 రెట్లు పెద్దది. 20 మంది చూడలేదు. కంటి కదలికలు కొలిస్తే, చూడనివాళ్ళలో చాలామంది చూపు నేరుగా ఆ చోట పడే ఉంది. వెలుగు రెటీనాకి చేరింది. సెన్సేషన్‌లో లోటు లేదు.

నిద్ర సంగతి అది రోజూ చూసేవాళ్ళు చెబితేనే బాగుంటుంది. రాత్రిడ్యూటీ గారు ఉన్నారేమో చూడాలి.

---

రాత్రిడ్యూటీ

ఉన్నానండీ మాస్టారూ. హరిణి గారూ, నేను స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. తలకి, కళ్ళ పక్కన, గడ్డం కింద ఎలక్ట్రోడ్లు పెట్టి రాత్రంతా స్క్రీన్ చూడటం నా పని. పుస్తకంలోని దశలు పేర్లుగా చదివితే ఎవరికైనా కలిసిపోతాయి, తెర మీద కనిపించేట్టుగా చెబుతాను.

లైట్లు ఆర్పేముందు పేషెంటు చేత కొన్ని చేయిస్తాం. "కళ్ళు మూసుకోండి" అంటాను. తల వెనక భాగం చానెళ్ళలో సెకనుకి 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు వరసగా లేస్తాయి. "తెరవండి" అనగానే అవి చెదిరిపోతాయి. "పళ్ళు బిగించండి" అంటే గడ్డం కింది గీత దళసరిగా అవుతుంది. రాత్రంతా నేను చూసేది ఈ మూడే: మెదడు, కళ్ళు, గడ్డం కండరం. 30 సెకన్లకొక పేజీ చొప్పున ఒక్కో పేజీకి ఒక దశ రాస్తాం.

ఆల్ఫా కరిగిపోయి చిన్న చిన్న మిశ్రమ తరంగాలొచ్చి, కళ్ళు మెల్లగా అటూ ఇటూ దొర్లుతుంటే ఎన్1. అప్పుడు లేపితే చాలామంది "నేను నిద్రపోలేదే" అంటారు. స్పిండిల్స్ (కాసేపు గబగబా ఊగే తరంగాల గుంపు), కె-కాంప్లెక్స్ (ఒక్కసారిగా లేచే పెద్ద తరంగం) కనిపిస్తే ఎన్2, రాత్రిలో ఎక్కువ భాగం ఇదే. పెద్ద పెద్ద నెమ్మది డెల్టా తరంగాలైతే ఎన్3, లేపడం కష్టం. ఆ తరవాత వచ్చే రెమ్ (కళ్ళు వేగంగా కదిలే నిద్ర) నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మెదడు గీతలు మేలుకున్నవాటికి దగ్గరగా ఉంటాయి, కళ్ళు గబగబా కదులుతుంటాయి, గడ్డం గీత మాత్రం పూర్తిగా చదునైపోతుంది. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ చికాగోలో చూపించింది ఈ కంటి కదలికల్నే.

ఒక చక్రం సుమారు 90 నిమిషాలు. కానీ అన్ని చక్రాలూ ఒకేలా ఉండవు, పరీక్షలో ఇది తప్పక రాయండి. ఎన్3 ఎక్కువగా రాత్రి మొదటి సగంలో, రెమ్ ఎక్కువగా తెల్లవారుజామున. కాబట్టి అలారం రెండు గంటలు ముందుకి జరిపితే పోయేది అన్ని దశల్లోంచీ కొంచెం కొంచెం కాదు, ఎక్కువగా రెమ్.

మీ ప్రశ్న, నిద్ర ఈ రెండిటి మధ్య ఎందుకు అని. అటెన్షన్ వైపు నుంచి చూస్తే: 2003లో వాన్ డాంగెన్ బృందం మనుషుల్ని 14 రోజులపాటు రాత్రికి 6 గంటలకే పరిమితం చేసింది. శ్రద్ధ పరీక్షల్లో వాళ్ళు చివరికి, ఒక రాత్రంతా అస్సలు నిద్రలేనివాళ్ళ స్థాయికి దిగజారారు. "మగతగా ఉందా" అంటే మాత్రం పెద్దగా లేదన్నారు. దిగజారుతున్న సంగతి దిగజారుతున్నవాళ్ళకే తెలియలేదు. నిద్ర మానుకుని చదివే ప్రతి విద్యార్థికీ ఇది చెప్పాలనిపిస్తుంది నాకు.

మెమరీ వైపు: 1924లో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అర్థంలేని అక్షరాలు నేర్పించి, కొన్ని గంటలు నిద్రపోయాకా, అంతే సమయం మేలుకుని ఉన్నాకా అడిగారు. నిద్రపోయాకే ఎక్కువ గుర్తున్నాయి. మధ్యలో కొత్త విషయాలు వచ్చి పడకపోవడమే కారణమని వాళ్ళు అనుకున్నారు. నిద్రలో మెదడు ఊరికే కాపలా కాయడం లేదని, గాఢనిద్ర తరంగాలూ స్పిండిల్సూ జతగా వచ్చే వేళల్లో హిప్పోక్యాంపస్‌లోని (కొత్త జ్ఞాపకాలకి కీలకమైన మెదడు భాగం) కొత్త జ్ఞాపకాలు తిరిగి మెదలి స్థిరపడతాయని తరవాతి పరిశోధనలు చూపించాయి. దీన్నే కన్సాలిడేషన్ అంటారు.

ఇంకొకటి, పుస్తకాల్లో మూలకి పడి ఉంటుంది. కొందరు పొద్దున లేచి, "రాత్రంతా కన్ను మూతపడలేదండీ" అని బాధగా చెబుతారు. రికార్డులో గంటల తరబడి నిద్ర ఉంటుంది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. తమ నిద్రని తాము గ్రహించడంలోనే తేడా. పర్సెప్షన్ యూనిట్ నిద్ర దాకా వచ్చిందన్నమాట. వాళ్ళతో "బానే పడుకున్నారుగా" అని తేలిగ్గా అనకూడదని నేను కొత్తగా చేరినవాళ్ళకి చెబుతుంటాను.

మోరే ప్రయోగానికి జోడీ కూడా ఉందండీ. 1960లో ఆస్వాల్డ్ వాళ్ళు నిద్రలో ఉన్నవాళ్ళకి పేర్లు వినిపిస్తే, సొంత పేరుకే కె-కాంప్లెక్స్‌లు ఎక్కువగా వచ్చాయి.

---

ఎమ్మే_ఫైనల్

ఇంటర్‌ఫియరెన్స్ గురించి నేను చెప్తాను. "ఏది వెళ్ళి ఏదాన్ని చెడగొట్టింది" అని అడుక్కోండి. ఫోన్ పిన్ మార్చారు. వేళ్ళు పాతదే కొడుతున్నాయి, కొత్తది రావడం లేదు. పాతది ముందుకొచ్చి కొత్తదాన్ని చెడగొట్టింది: ప్రోయాక్టివ్. కొన్నాళ్ళకి పాత ఫోన్ తెరవాల్సొచ్చింది, పాత పిన్ ఎంత ఆలోచించినా తట్టదు, కొత్తదే వస్తోంది. కొత్తది వెనక్కెళ్ళి పాతదాన్ని చెడగొట్టింది: రెట్రోయాక్టివ్. చెడగొట్టింది పాతదైతే ప్రో, కొత్తదైతే రెట్రో. అంతే.

---

హరిణి_సైక్

గుడ్డిచుక్క చేసి చూశాను, గీత నిజంగానే సాగిపోతూ కనిపించింది! మా ఇంట్లో అందరిచేతా చేయించాను. అందరికీ చాలా థాంక్స్.

మాస్టారూ, మెమరీలో రెండు అడగొచ్చా? సెన్సరీ మెమరీ అంత తక్కువసేపు ఉంటే అది ఉందని ఎలా తెలిసింది? ఇంకోటి, ఏదైనా పెద్ద సంఘటన జరిగిన రోజు మనసులో ఫోటోలా ఉండిపోతుందంటారు కదా, అలాంటివి నమ్మొచ్చా?

---

సుద్దముక్క

మొదటిది అడిగినందుకు సంతోషం. 1960లో స్పెర్లింగ్ మూడు వరసల్లో నాలుగేసి చొప్పున 12 అక్షరాలు, సెకనులో ఇరవయ్యో వంతు సేపు చూపించాడు. గుర్తున్నవన్నీ చెప్పమంటే నాలుగైదు చెప్పారు. "ఇంకా కనిపించాయి, చెప్పేలోపు పోయాయి" అన్నారు. ఆ మాటని అతను పట్టుకున్నాడు. అక్షరాలు మాయమయ్యాక ఒక శబ్దం వినిపించాడు. హెచ్చు స్థాయి అయితే పై వరస, మధ్యస్థమైతే మధ్య వరస, తక్కువైతే కింది వరస చెప్పాలి. ఏ వరస అడుగుతాడో ముందు తెలీదు. అయినా అడిగిన వరసలో సుమారు మూడు చెప్పగలిగారు. ఏ వరస అడిగినా మూడు వస్తున్నాయంటే ఆ క్షణంలో తొమ్మిది దాకా ఉన్నట్టే కదా. శబ్దాన్ని ఒక సెకను ఆలస్యం చేస్తే ఆ లాభం పోయింది. ఇంత తెలివైన ప్రయోగం చదివినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

తరవాతి మెట్టైన షార్ట్ టర్మ్ మెమరీలో ఒకేసారి ఎన్ని ముక్కలు పడతాయంటే, మిల్లర్ 1956లో ఏడుకి రెండు అటూ ఇటూ అన్నాడు. 2001లో కోవన్, ముక్కలుగా కలుపుకోనివ్వకపోతే నాలుగే అన్నాడు. షార్ట్ టర్మ్ అంటే కాసేపు పట్టి ఉంచడం. బాడ్లీ, హిచ్ 1974లో చెప్పిన వర్కింగ్ మెమరీ అంటే పట్టి ఉంచుతూనే దానితో పనిచెయ్యడం. ఫోన్ నంబరు తిరగేసి చెప్పమంటే రెండోది.

ఫోటో సంగతి. నమ్మకం ఎక్కువ ఉన్నంత మాత్రాన నిజం ఎక్కువ ఉండదు. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడు నైసర్, హార్ష్ విద్యార్థులచేత ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా విన్నారో రాయించి దాచారు. రెండున్నరేళ్ళ తరవాత మళ్ళీ అడిగారు. ఎంతోమంది పూర్తిగా వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. వాళ్ళ చేతిరాతే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. దీని పక్కన లాఫ్టస్, పామర్ (1974) పెట్టుకో. ఒకే కారు ప్రమాదం సినిమా. "తగిలినప్పుడు ఎంత వేగం" అంటే సగటున గంటకి 31.8 మైళ్ళు, "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అంటే 40.8. ఇంకో ప్రయోగంలో వారం తరవాత "పగిలిన గాజు చూశారా" అని అడిగితే, ఆ రెండో మాట విన్నవాళ్ళలో 32 శాతం చూశామన్నారు, ఊరికే "గుద్దుకున్నప్పుడు" అని విన్నవాళ్ళలో 14 శాతం. సినిమాలో గాజు లేనే లేదు.

నీ హైలైటర్ సంగతి కూడా ఇందులోదే. మళ్ళీ చదివితే పేజీ పరిచయంగా అనిపిస్తుంది, ఆ పరిచయాన్నే వచ్చేసింది అనుకుంటాం. 2006లో రోడిగర్, కార్పికీ ఒక గుంపు చేత రెండుసార్లు చదివించారు, ఇంకో గుంపు చేత ఒకసారి చదివించి చూడకుండా రాయించారు. 5 నిమిషాల తరవాత రెండుసార్లు చదివినవాళ్ళదే పైచెయ్యి, 81కి 75 శాతం. వారం తరవాత తిరగబడింది: చదివినవాళ్ళు 42, రాసినవాళ్ళు 56.

కాబట్టి పుస్తకం మూసి వీటికి జవాబు పెట్టు. ఒకటి: ముఖ్యమైన కాల్ కోసం ఎదురుచూస్తున్న మనిషికి, మోగని ఫోన్ జేబులో వణికినట్టు అనిపించింది. రెండు: ఎండలోంచి సినిమా హాల్లోకి వెళ్తే మొదట సీట్లు కనబడవు, కాసేపటికి కనబడతాయి. మూడు: 1953లో రెండు వైపులా హిప్పోక్యాంపస్ చాలా భాగం తీసేసిన హెన్రీ మోలైసన్, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడంలో రోజురోజుకీ మెరుగయ్యాడు. కానీ ప్రతి రోజూ అది మొదటిసారే చేస్తున్నాననుకున్నాడు.

---

హరిణి_సైక్

చూడకుండా రాస్తున్నాను.

1. ఫాల్స్ అలారం. ఎదురుచూస్తున్నాడు కాబట్టి గీటురాయి కిందికి దిగింది. చర్మం పదును మారలేదు.
2. సెన్సరీ అడాప్టేషన్.
3. ప్రొసీజరల్ మెమరీ వేరు, ఎపిసోడిక్ వేరు. చెయ్యి నేర్చుకుంది, నేర్చుకున్న సంగతి గుర్తులేదు. హిప్పోక్యాంపస్ రెండోదానికే కావాలి.

---

సుద్దముక్క

ఒకటీ మూడూ అచ్చంగా ఇలాగే పేపర్లో రాయి. రెండోది ఇంకొంచెం బిగించాలి. సెన్సరీ అడాప్టేషన్ అని మామూలుగా మనం రాసేది, మారకుండా ఉన్న ఉద్దీపనకి స్పందన తగ్గడాన్ని: వాచీ పెట్టుకున్న కాసేపటికి అది చేతికి తెలియదు. హాల్లో జరిగింది దానికి ఎదురు, స్పందించే శక్తి పెరిగింది. డార్క్ అడాప్టేషన్ అని రాయి. ముందు కోన్లు కోలుకుంటాయి, వాటి మెరుగు 10 నిమిషాల లోపే ఆగిపోతుంది. వెలుగుకి విరిగిన రొడాప్సిన్ (వెలుగుని పట్టే పదార్థం) రాడ్లలో మళ్ళీ తయారవ్వడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ రెండు మెట్ల గ్రాఫ్ వేసి, మెట్టు విరిగేచోట "ఇక్కణ్ణుంచి రాడ్లు" అని గుర్తు పెట్టు.